ఐదు సైటేషన్ల పేపర్

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పరిశోధకులు ఎన్ని పేపర్లు రాశారు, వాటిని ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారు (దీన్నే సైటేషన్ అంటాం), ఆ లెక్కలకు విలువ ఎంత అన్నదే ఆ విషయం. ఒకటి కర్నూలు నుంచి, రెండు కడప జిల్లా నుంచి, ఒకటి మా అనంతపురం నుంచి. నేను ముప్ఫై మూడేళ్లు కణజీవశాస్త్రం చెప్పాను. పట్టుపురుగు మీద పరిశోధన చేశాను. సెలక్షన్ కమిటీల్లో చాలాసార్లు కూర్చున్నాను. మొదటి ఉత్తరం చదివాక రెండు రోజులు మనసు మనసులో లేదు. అందుకే దానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది కర్నూలు. కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ ఐదో సంవత్సరంలో ఉన్నాను. క్యాన్సర్ మందు వేశాక కూడా కొన్ని కణాలు ఎలా బతికి బయటపడతాయన్నది నా పని. ఇప్పటికి రెండు పేపర్లు వచ్చాయి. మొదటిదానికి ఐదు సైటేషన్లు, ఎనిమిది నెలల కిందట వచ్చిన రెండోదానికి సున్నా. మొన్న ఒక ఫెలోషిప్ ఇంటర్వ్యూలో కూర్చోగానే ‘మీ హెచ్-ఇండెక్స్ ఎంత?’ అని అడిగారు. ‘ఒకటి’ అన్నాను. ఆ తర్వాత నా పని గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. మా పెదనాన్న కొడుకు వేరే సబ్జెక్టులో చేశాడు, ఆయనది 14. ఇంట్లో పోలుస్తున్నారు. రాత్రి నిద్ర పట్టక, సైటేషన్లు లెక్కించి చూపే గూగుల్ స్కాలర్ పేజీ తెరిచి అంకె మారిందేమో చూస్తుంటాను. నేను ఈ రంగానికి పనికిరానా?
– ఒక పరిశోధక విద్యార్థిని, కర్నూలు

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో నాకు కావలసిన ఒక్క సంగతి లేదు. ఆ ఐదు సైటేషన్లు ఎవరివి? ఆ ఐదు పేపర్లూ తెరిచి, నీ పేరు ఏ వాక్యం పక్కన వచ్చిందో చూశావా? రాత్రిపూట అంకెను చూస్తున్నానన్నావు. ఆ అంకె మీద నొక్కితే లోపలికి దారి ఉంది. అటు వెళ్లినట్టు నువ్వు ఎక్కడా రాయలేదు.

నా సంగతి చెప్పనీ. 1980ల్లో నేను పట్టుపురుగు పట్టు గ్రంథి మీద పని చేశాను. ఐదో దశ ముగిసి, పురుగు చంద్రికల (గూళ్లు కట్టడానికి పెట్టే తట్టల) మీదికెక్కి గూడు కట్టడం పూర్తి చేశాక ఆ గ్రంథితో దానికి పని ఉండదు. అప్పటిదాకా ఒంట్లో అంత చోటు ఆక్రమించిన అవయవం కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. కణాలు తమను తామే అరిగించుకుంటాయి. అలా అరిగేటప్పుడు యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఏ గంటకు, కణంలో ఏ మూల కనిపిస్తుందన్నది నా ప్రశ్న. హిందూపురం దగ్గర ఒక రైతు షెడ్డు నుంచి పురుగులు తెచ్చుకునేదాన్ని. ఆరు గంటలకొకసారి కోసి, గోమోరి పద్ధతిలో రంగు పట్టించేదాన్ని. ఎంజైము ఉన్నచోట సీసపు సల్ఫైడు ముదురు గోధుమ రంగు మచ్చగా తేలుతుంది. నడుమ కరెంటు పోతే ఇంక్యుబేటర్ చల్లబడేది. ఆ బ్యాచ్ మొత్తం పారేసి, మళ్లీ పురుగులు అదే దశకు వచ్చేదాకా ఆగాలి. మూడేళ్లు పట్టింది. 1989లో ఒక చిన్న భారతీయ జర్నల్‌లో అచ్చయింది.

అప్పుడు గూగుల్ స్కాలర్ లేదు. మన పేపర్ ఎవరికైనా కావాలంటే రీప్రింట్ పంపమని పోస్టు కార్డు రాసేవాళ్లు. ఆ పేపర్‌కు పంతొమ్మిది కార్డులు వచ్చాయి. జపాన్, చెకొస్లొవేకియా, బ్రెజిల్… స్టాంపులు మా అబ్బాయి దాచుకున్నాడు, కార్డులు నేను దాచుకున్నాను. ఎవరైనా ఉదహరించారా అని తెలుసుకోవాలంటే బెంగళూరు బస్సెక్కాలి. అక్కడ పెద్ద లైబ్రరీలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అని లావుపాటి సంపుటాలుండేవి. యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ పెట్టిన సంస్థ 1964 నుంచి వాటిని వేసింది. అక్షరాలు చీమల బారులా ఉండేవి. అందులో మొదటి రచయిత పేరు కిందే వెతకాలి. రెండో పేరుగా ఉన్న పేపర్లలో నేను ఉన్నట్టే కనపడేదాన్ని కాదు.

ఇవాళ ఆ పేపర్‌కు తొమ్మిది సైటేషన్లు. 1996లో ముగ్గురం కలిసి రాసిన ఒక సమీక్షా వ్యాసం ఉంది, నేను మూడో పేరు, రెండు పేజీలు రాశాను. దానికి రెండు వందలు దాటాయి. కమిటీ అంకె చూసి నన్ను తూచితే ఆ రెండు పేజీలే నా జీవితపు పని అవుతుంది. కానీ ఆ తొమ్మిదింటిలో ఒకటి జపాన్ వాళ్లది. వాళ్లు నా గంటల పట్టికను ముందు పెట్టుకుని, అవే గంటలకు గ్రంథిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. ఒక చోట నా లెక్క ఆరు గంటలు తప్పిందని కూడా చూపించారు. ఆ పేరా నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. నా పనిని ఒకరు అంత శ్రద్ధగా చేతిలోకి తీసుకున్నారు కాబట్టే తప్పు దొరికింది. ఆ రెండు వందల్లో అలాంటిది ఒక్కటీ లేదు. అన్నీ మొదటి పేరాలో, ఇరవై పేర్ల వరసలో.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించాడు. 14 అంటే, కనీసం 14 పేపర్లు ఉన్నాయి, ఒక్కోదానికీ 14కు తగ్గకుండా సైటేషన్లు ఉన్నాయి అని అర్థం. ఈ లెక్కలో రెండు పేపర్లున్న మనిషికి ఎంత గొప్ప పని చేసినా రెండు దాటదు. రెండింటికీ వెయ్యేసి సైటేషన్లు వచ్చినా రెండే. అనుభవంతో పాటు అది పెరుగుతుంది, పెరిగాక తగ్గదు. పీహెచ్‌డీ ఐదో ఏట ఉన్నవాళ్లను హెచ్-ఇండెక్స్ అడగడం, శెనక్కాయ చేనులో ఊడలు దిగకముందే ఎకరాకు ఎన్ని మూటలని అడగడంలాంటిది. మీ అన్నతో పోలిక అయితే ఇంకా తప్పు. ఒక్కో రంగంలో పనిచేసేవాళ్ల సంఖ్య వేరు, ఒక పేపర్ వెనక జోడించే ఉల్లేఖనల సంఖ్య వేరు, ఒక ప్రయోగానికి పట్టే కాలం వేరు. మందును తట్టుకునే కణాల లైను పెంచడానికే నీకు నెలల తరబడి పట్టి ఉంటుంది. ఒక్కసారి మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకితే ఆ నెలలన్నీ పోతాయి. ఇది ఇంట్లోవాళ్లకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పు. వాళ్లకు తెలియక పోలుస్తున్నారు, నీ మీద కోపంతో కాదు.

రెండో పేపర్‌కు సున్నా అన్నావు, ఎనిమిది నెలలే అయిందని కూడా నువ్వే రాశావు. ఎవరో దాన్ని చదవాలి, తమ ల్యాబులో ప్రయోగం చేయాలి, రాయాలి, రివ్యూకు పంపాలి, అచ్చు కావాలి. మన సబ్జెక్టులో ఇదంతా ఏడాదిలో జరిగితే త్వరగా జరిగినట్టే.

అంకె పెద్దదైనంత మాత్రాన పని పెద్దదని కూడా అనుకోకు. 2014లో ‘నేచర్’ పత్రిక ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించిన వంద పేపర్ల జాబితా వేసింది. మొదటి స్థానం 1951లో ఆలివర్ లౌరీ రాసిన, ప్రొటీన్ పరిమాణం కొలిచే పద్ధతిది. మూడు లక్షలకు పైగా సైటేషన్లు. ప్రొటీన్ కొలిచిన ప్రతివాళ్లూ ఆ పేరు రాయాల్సి వచ్చింది. అది గొప్ప పేపరేమీ కాదని లౌరీయే అన్నాడు. డీఎన్‌ఏ నిర్మాణం చెప్పిన 1953 నాటి పేపర్ ఆ వందలో లేదు. లౌరీని నేను తక్కువ చేయడం లేదు, మా ల్యాబులో ఆ పద్ధతిలో వచ్చే నీలిరంగు చూడని వారం లేదు. కానీ పద్ధతి చెప్పిన పేపర్‌ను వాడతారు, కొత్త సంగతి చెప్పిన పేపర్‌ను కొన్నాళ్లకు పాఠ్యపుస్తకం మింగేస్తుంది. రెండింటినీ ఒకే తక్కెడలో వేయకూడదు.

నా పట్టు గ్రంథికి బంధువైన కథ ఒకటుంది. కణం తన భాగాలను తానే అరిగించుకోవడాన్ని ఆటోఫాజీ అంటాం. జపాన్‌లో యోషినోరి ఓసుమి 1988లో, నలభై మూడేళ్ల వయసులో సొంత ల్యాబు పెట్టుకుని, ఈస్ట్ కణాలను పస్తు ఉంచి సాధారణ మైక్రోస్కోపు కింద చూశాడు. అప్పుడు ఆ విషయం ఎక్కువమందికి పట్టేది కాదు. ఆటోఫాజీ చేయలేని ఈస్ట్ రకాలను ఏరి, వాటి వివరాలు 1993లో ‘ఫెబ్స్ లెటర్స్’లో వేశాడు. అందరూ ఎగబడే జర్నల్ కాదది. ఆ పేపర్‌లోంచే తర్వాత ఆ జన్యువులన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. 2016లో వైద్య నోబెల్ ఆయన ఒక్కడికే ఇచ్చారు. 1993 చివర్లో ఒక కమిటీ ఆ పేపర్ సైటేషన్లు లెక్కపెట్టి ఉంటే వాళ్లకు ఏం తెలిసేది?

మా జిల్లా సంగతి చూడు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగ చేలు కాండం కుళ్లు తెగులుతో ఎండిపోయాయి. దాదాపు 2,25,000 హెక్టార్లు. కారణం పొగాకు చారల వైరస్ అనీ, వయ్యారిభామ మొక్కల పుప్పొడితో, తామర పురుగులతో అది పైరుకు చేరుతుందనీ శాస్త్రవేత్తలు తేల్చారు. గట్ల మీద వయ్యారిభామ పీకెయ్యండి, చేను చుట్టూ జొన్నో సజ్జో వరసలు వేయండి అన్నారు. గట్టున ఆ మొక్కలు పీకిన రైతు ఎవరి పేపర్‌నూ ఉదహరించడు. ఆ వాడకం ఏ స్కాలర్ పేజీలోనూ ఎక్కదు.

ఇంటర్వ్యూ గురించి. నేను ఆ బల్లకు అవతల కూర్చున్నదాన్ని. ఒక్కరోజులో నలభై మందిని చూడాలి. ఫైలు చదవడానికి టైముండదు. అంకె అడిగితే పని తేలికవుతుంది. 2009లో ఒకసారి నేనే అలా అడిగాను. ఆ అబ్బాయి జవాబు చెప్పి తల దించుకున్నాడు. బస్సులో ఇంటికొస్తూ అతని థీసిస్ సారాంశం చదివాను, మంచి పని. అప్పటికే వేరేవాళ్లను ఎంపిక చేసి సంతకాలు పెట్టేశాం. ఆ అబ్బాయికి నేను చేసింది అన్యాయం. ఆ తర్వాత ఏ కమిటీలోనూ ఆ ప్రశ్న వేయలేదు, వేయనివ్వలేదు. దీన్ని మార్చాలని మొదట గట్టిగా పట్టుబట్టినవాళ్లు మన సబ్జెక్టువాళ్లే. 2012 డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా కణజీవశాస్త్ర సంఘం వార్షిక సభ జరిగినప్పుడు కొందరు ఎడిటర్లు, ప్రచురణకర్తలు కూర్చుని ఒక ప్రకటనకు రూపమిచ్చారు. దాన్ని డోరా అంటారు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మనిషి పనికి విలువ కట్టొద్దు, పనిని చదివి కట్టండి అన్నది దాని సారం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడాది పడిన సైటేషన్ల సగటు. కొద్ది పేపర్లు ఆ సగటును పైకి లాగుతాయి, మిగతావి ఆ నీడలో ఉంటాయి. దాంట్లో నీ పేపర్ సంగతి ఏమీ లేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఒక నోటుపుస్తకం తీసుకో. ఆ ఐదు పేపర్లూ డౌన్‌లోడ్ చేసి, నీ పేరు వచ్చిన వాక్యాన్ని అక్కడ ఉన్నది ఉన్నట్టు రాసుకో. ఊరికే వరసలో పేరు పెట్టారా? నీ పద్ధతి వాడారా? నీ ఫలితాన్ని తమ కణాల్లో మళ్లీ చూశారా? కాదన్నారా? కాదన్నది ఉంటే దాన్ని ముందు చదువు, వాళ్లకు మర్యాదగా మెయిల్ రాయి. మళ్లీ ఇంటర్వ్యూలో అంకె అడిగితే ‘ఒకటి’ అని చెప్పి ఆగకు. ‘నా పేపర్‌ను వాడినవాళ్లలో ఫలానావాళ్లు నేను పెంచిన కణాల మీద చూసిందే ఇంకో రకం కణాల్లో చూశారు’ అని వెంటనే చెప్పు. ఆ వాక్యం నీ నోట్లో సిద్ధంగా ఉంటే వాళ్ల రెండో ప్రశ్న నీ పని మీదికి రాక తప్పదు.

ఇంకో మాట. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. పెళ్లయ్యాక చాలామందికి ఆ అక్షరం మారుతుంది. నాకూ మారింది. నా పీహెచ్‌డీ పేపర్లు ఒక పేరు మీద, తర్వాతవి ఇంకో పేరు మీద ఉండిపోయాయి. చాలా ఏళ్లు ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనబడ్డాను. నువ్వు ఇప్పుడే ఒక స్పెల్లింగు ఖాయం చేసుకుని, ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే ఆర్కిడ్ నంబర్ తీసుకో. డబ్బు కట్టాల్సింది లేదు. ఏం మారినా ఆ పదహారు అంకెలు మారవు.

స్కాలర్ పేజీని నెలకొకసారి, ఒకటో తారీఖు పగలు చూడు. రాత్రి వద్దు. నిద్ర రాకపోవడం ఇంకా వారాల తరబడి సాగితే డాక్టర్‌కు చూపించుకో, మీ గైడ్‌కు చెప్పు, దాచిపెట్టకు. పనికిరానా అన్నావు. మందు తట్టుకుని బతికే కణాన్ని ఐదేళ్లు వదలకుండా పట్టుకుని కూర్చున్నావు. నీలాంటివాళ్లు ఈ రంగానికి కావాలి. ఆ నోటుపుస్తకంలో ఏం తేలిందో నాకు రాయి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: అమ్మా, నేను బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఎమ్మెస్సీ ముగించి పీహెచ్‌డీలో చేరాలనుకుంటోంది. కణజీవశాస్త్రంలో ఇద్దరు గైడ్లు ఖాళీలున్నాయన్నారు. ఒకాయనకు 212 పేపర్లు, 4,800 సైటేషన్లు. ఇంకొకావిడకు 23 పేపర్లు, 900 సైటేషన్లు. మొదటాయన్నే ఖాయం చేయమని అందరూ అంటున్నారు. నాకు ఈ లెక్కలు తెలియవు. ఎలా చూడాలి?
– ఒక తండ్రి, కడప

జవాబు: అయ్యా, ఈ లెక్క మీకు తెలిసినంతగా చాలామంది ప్రొఫెసర్లకు తెలియదు. మీరు పాస్‌బుక్ చూసేటప్పుడు ఆఖరి బ్యాలెన్స్ చూసి పక్కన పెట్టరు కదా, ఎంట్రీలు చూస్తారు. ఇక్కడా అంతే.

ముందు మామూలు భాగహారం. మొదటాయనకు పేపర్‌కు సగటున 23 సైటేషన్ల లోపు, రెండో ఆవిడకు 39. అదొక్కటే చూసి ఆవిడే మేలనకండి, ఇంకా లోపలికి పోదాం. ఏ ఏడు ఎన్ని పేపర్లు వచ్చాయో చూడండి. కణాల మీద పని చేసే ల్యాబు నుంచి ఒకే ఏడాది ముప్ఫై పేపర్లు వస్తే, అవి ఎవరు చేశారు, ఆయన ఒక్కొక్కటీ ఎంతవరకు చదివారు అని అడగాల్సిందే. తర్వాత పేర్ల వరస. మన సబ్జెక్టులో మొదటి పేరు సాధారణంగా ప్రయోగం చేసిన విద్యార్థిది, చివరి పేరు ల్యాబు నడిపేవారిది. నడుమ పేర్లు సాయం చేసినవాళ్లవి. 212లో ఆయన పేరు ఎన్నింటిలో చివర ఉంది, ఎన్నింటిలో మధ్యలో ఎక్కడో ఉందో మీ అమ్మాయి చేత లెక్కపెట్టించండి. ఒక సాయంత్రం పని.

ఒక్క పేపరే సైటేషన్లలో సగం మోస్తోందేమో చూడండి. ఆటోఫాజీని పరీక్షించే పద్ధతుల మీద మార్గదర్శకాలని ఒక వ్యాసం ఉంది, కొన్నేళ్లకొకసారి కొత్తగా రాస్తారు. 2016 నాటిదానికి రచయితలే రెండు వేల నాలుగు వందల మందికి పైన. చాలా ఉపయోగపడే వ్యాసం. దాన్ని వేలమంది ఉదహరిస్తారు, ఆ వేలు రచయితలందరి ఖాతాలోనూ పడతాయి. అందులో తప్పేం లేదు. కానీ ఆ ఒక్క ఎంట్రీ తీసేసి మిగిలింది చూడాలి. అలాగే తన పేపర్లను తానే ఎంత ఉదహరించుకుంటున్నారో కూడా. కొంత సహజం, నిన్నటి పని మీదే ఇవాళ్టి పని నిలుస్తుంది. సగానికి సగం అదే అయితే మాత్రం ఆగి ఆలోచించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది బొమ్మలు. కణజీవశాస్త్రంలో సాక్ష్యం ఫొటోల్లో ఉంటుంది. 2016లో ఎలిజబెత్ బిక్, మరి ఇద్దరు కలిసి 20,621 పేపర్ల బొమ్మలు కంటితో పరిశీలిస్తే దాదాపు వందకు నాలుగింటిలో ఒకే బొమ్మ తప్పుగా రెండుసార్లు వాడినవి దొరికాయి. కొన్ని పొరపాట్లు, కొన్ని కావాలని చేసినవి. అచ్చయిన పేపర్ల మీద ప్రశ్నలు వేసే పబ్‌పీర్ అనే వెబ్‌సైటులో ఇద్దరి పేర్లూ వెతకమని మీ అమ్మాయికి చెప్పండి. అక్కడ ప్రశ్న వచ్చినంత మాత్రాన దోషం కాదు. ఆ ప్రశ్నకు గైడు ఏం జవాబిచ్చారు, అసలు ఫొటోలు బయటపెట్టారా అన్నదాన్ని బట్టి మనిషి తెలుస్తారు.

చివరగా కాగితాలు పక్కన పెట్టి, ఇద్దరి దగ్గరా పీహెచ్‌డీ ముగించిన ఇద్దరేసి విద్యార్థులతో మీ అమ్మాయిని మాట్లాడమనండి. ఎన్నేళ్లు పట్టింది, పని చెడిపోయిన రోజు గైడు ఎలా ఉన్నారు, ఫెలోషిప్ ఆగినప్పుడు సంతకాలకు తిప్పించారా, పేపర్‌లో మొదటి పేరు ఎవరికిచ్చారు. 23 పేపర్ల ఆవిడ విద్యార్థులు ఈ ప్రశ్నలకు నవ్వుతూ జవాబిస్తే నేనైతే మా అమ్మాయిని అక్కడ చేర్పిస్తాను. 212 ఆయన విద్యార్థులు నవ్వుతూ చెబితే అక్కడ. మీరిద్దరూ వెళ్లి ల్యాబు చూసి రండి. మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి, ఎవరు పని చేస్తున్నారో కనబడుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. ఏడు రోజుల్లో అచ్చు, 4,000 రూపాయలు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7 అని మెయిళ్లు వస్తున్నాయి. ప్రమోషన్‌కు పేపర్లు కావాలి. తోటివాళ్లు వేస్తున్నారు. వేయమంటారా?
– ఒక అధ్యాపకుడు, అనంతపురం

జవాబు: వద్దు సార్. ఏడు రోజుల్లో అచ్చంటే ఎవరూ చదవలేదని వాళ్లే చెబుతున్నారు. నలుగురు నిపుణులు తప్పులు పట్టకుండా వచ్చిన పేపర్ మీ పేరు మీద ఎప్పటికీ ఉండిపోతుంది, తీయించుకోవాలన్నా ఆ జర్నల్ వాళ్లు ఫోనెత్తరు. ఆ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఎవరు లెక్కగట్టారో అడగండి. అసలుది క్లారివేట్ సంస్థ ఏటా ఇచ్చే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఉంటుంది, అక్కడ ఆ జర్నల్ పేరు ఉందేమో చూడండి.

నమ్మదగిన జర్నళ్లతో యూజీసీ వేసిన కేర్ జాబితా ఉన్నన్నాళ్లు అందులో పేరుంటే చాలనుకునేవాళ్లం. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు జర్నల్ మంచీ చెడూ మనమే చూసుకోవాలి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒకరికి మెయిల్ రాసి, నిజంగా ఉన్నారా అని అడగండి. నేను రెండుసార్లు అడిగాను. ఒకరు తనకు తెలియకుండానే పేరు వాడుకున్నారన్నారు. పీహెచ్‌డీ విద్యార్థులెవరైనా మీ దగ్గరుంటే ఇదీ చెప్పండి: థీసిస్ ఇచ్చే ముందు పేపర్ వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022 నవంబర్ నిబంధనల్లో తీసేసింది. యూనివర్సిటీ సొంత నిబంధన ఏముందో కనుక్కుని, తొందరపాటుతో డబ్బు కట్టొద్దనండి.

మీ కాలేజీ ప్రభుత్వానిదైతే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద దాదాపు 13,000 జర్నళ్లు ఉచితంగా చదవొచ్చు. లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోండి. నేను హిందూపురానికి, బెంగళూరుకు బస్సుల్లో తిరిగిన రోజుల్లో ఇది ఉంటే ఎంత బాగుండేదో. ఏడాది కూర్చుని చదివి, విద్యార్థులతో చిన్న ప్రయోగమే అయినా సరిగ్గా చేసి, ఒక్క పేపర్ వేయండి. ప్రమోషన్ ఒక ఏడు ఆలస్యమైనా నష్టం లేదు.

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేపర్లకు ఎన్ని సైటేషన్లు ఉన్నాయి? ఆయనకు అంత పేరు ఎందుకు రాలేదు?
– ఒక విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: బాబూ, వేలకొద్దీ ఉన్నాయి. భీమవరంలో 1895లో పుట్టి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఒకటి రాశాడాయన. దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. వందేళ్లవుతున్నా ల్యాబుల్లో వాడుతూనే ఉన్నారు. అదే కొలమానంతో కండరంలో ఏముందో వెతుకుతూ ఇద్దరూ 1929లో ఏటీపీ గురించి రాశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది కనుక్కున్నాడు. నీ పుస్తకంలో కణానికి శక్తి నాణెం అని చదివే ఏటీపీ అదే.

పేరు సంగతికి పైన కర్నూలు అమ్మాయికి రాసింది చదువు. అచ్చు సైటేషన్ ఇండెక్స్‌లో మొదటి రచయిత పేరు కిందే వెతకాలి. 1925 పేపర్ ఫిస్కే కింద ఉంటుంది. సుబ్బారావు అని వెతికినవాళ్లకు అది దొరకదు. తర్వాత మందుల కంపెనీలో ఆయన పరిశోధన విభాగాన్ని నడిపించాడు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అక్కడి నుంచే వచ్చాయి. వాటిలో చాలా పేపర్ల మీద ముందున్న పేర్లు తోటి శాస్త్రవేత్తలవి. 1948లో యాభై మూడేళ్లకే పోయాడు.

మీ కాలేజీలో రంగు ముదురును కొలిచే కలరీమీటర్ ఉందేమో మీ మేడమ్‌ను అడుగు. ఫాస్ఫేటున్న ద్రావణంలో అమోనియం మాలిబ్డేటు కలిపి, అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే కొన్ని నిమిషాల్లో నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువున్న గొట్టంలో రంగు ఎక్కువ ముదురు. ఆమ్లాలున్న పని కాబట్టి మేడమ్ పక్కన ఉన్నప్పుడే చెయ్యి. రికార్డులో పద్ధతి పేరు దగ్గర రెండు పేర్లూ రాయి.